మంచి బడులుండగా పిల్లల్ని ఇంట్లో ఎందుకు చదివిస్తారు?

ప్రశ్న: మా ఆడపడుచు వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. మూడో తరగతి అయిపోయిన బాబును ఈ జూన్ నుంచి బడికి పంపడం లేదు, ఇంట్లోనే చదివిస్తున్నారట. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, డబ్బుకూ లోటు లేదు. మా అత్తగారు రోజూ కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. మంచి బడులుండగా ఇలా ఎందుకు చేస్తారు? చట్టం ఒప్పుకుంటుందా? రేపు పదో తరగతి సంగతేంటి?

సమాధానం:

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో చాలాకాలం లెక్కలు చెప్పాను. తర్వాత మా పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివించాం. ఇద్దరూ ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ రాసి ఇప్పుడు అందరిలాగే కాలేజీకి వెళ్తున్నారు. అప్పటి నుంచి ఈ దారి పట్టాలనుకునే తల్లిదండ్రులు ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. వాళ్లతో మాట్లాడగా తెలిసిందీ, మా ఇంట్లో చూసిందీ కలిపి చెబుతాను.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అందరూ పెద్ద మాటలతోనే మొదలుపెడతారు. "అంతా బట్టీ చదువులైపోయాయండీ", "విలువలు నేర్పడం లేదండీ" అంటారు. ఓ అరగంట మాట్లాడాక గానీ అసలు సంగతి బయటికి రాదు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి బాబుకు కడుపునొప్పి మొదలవుతుంది. పాప నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది. ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్లాడు రెండు నెలలుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు. విద్యా సిద్ధాంతం నచ్చక బడి మాన్పించినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఎక్కువమంది తమ పిల్లాడి ముఖం చూసి మాన్పించినవాళ్లే.

కారణాలు ఎన్ని చెప్పినా నాకు కనిపించింది ఒకటే. పిల్లల రోజు పూర్తిగా బడి చేతుల్లోకి వెళ్లిపోయింది. ఆ గంటలు కొన్నయినా వెనక్కి తెచ్చుకోవాలని ఇంటివాళ్లు తాపత్రయపడుతున్నారు.

మన దగ్గర ఆరో తరగతి పిల్లాడి రోజు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. పొద్దున ఏడు కాకముందే సందు చివర బస్సు హారన్. సగం తిన్న ఇడ్లీ చేతిలో, బూటు లేసు కట్టేది అమ్మ. బడిలో మామూలు పాఠాలు కాక ఐఐటీ ఫౌండేషన్, ఆపైన స్టడీ అవర్. ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు. స్నానం, టిఫిన్, హోంవర్కు, తొమ్మిదిన్నరకు తూగుతూ భోజనం. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని రాశారు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. లెక్క కట్టండి. చిన్న తరగతులకు రోజుకు నాలుగు గంటలు, పెద్ద తరగతులకు నాలుగున్నర. అది కనీస పరిమితేననుకోండి. కానీ పన్నెండేళ్ల పిల్లాణ్ని పదకొండు గంటలు ఇంటికి దూరంగా ఉంచమని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఆ గంటల్లో మీ పిల్లాడికంటూ దక్కేది ఎంత? నేను నలభై నిమిషాల పీరియడ్‌లో నలభైమంది పిల్లలకు చెప్పేదాన్ని. హాజరు, నోటు పుస్తకాలు, "నిశ్శబ్దం" అని అరవడం పోగా ఒక్కో పిల్లాడి వైపు తిరిగి చూసే సమయం అర నిమిషం కూడా ఉండేది కాదు. అందులో టీచర్ల తప్పేమీ లేదు, ఆ ఏర్పాటే అలాంటిది. మీ అత్తగారు "రోజుకు రెండు గంటలే చదువుతాడట" అని బాధపడుతుంటే ఈ లెక్క చెప్పండి. తల్లో తండ్రో పక్కన కూర్చుని, తెలియనిచోట ఆగి, తెలిసినచోట ముందుకు పోతే ఆ వయసుకు రెండు గంటలు బాగా సరిపోతాయి. మిగిలిన రోజంతా ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న. దాని సంగతి కిందికి వస్తాను.

బడి ఏ పిల్లలకు అస్సలు కుదరదో చెప్పడానికి ఒక బాబు సంగతి చెప్పాలి. వరంగల్ వైపు కుటుంబం. మూడో తరగతి. వాళ్లమ్మ అతని నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. దస్తూరి ముత్యాలే. ఒక్క కొట్టివేత లేదు, పేజీ పేజీకి "గుడ్" అని ఎర్ర సిరా. "ఇక్కడేం రాశావు నాన్నా, చదువు" అన్నాను. చదవలేకపోయాడు. ఒక్క లైను కూడా. బోర్డు మీదున్నది బొమ్మ గీసినట్టు గీస్తున్నాడు. మకూ యకూ తేడా పట్టుకోలేడు, ఒత్తులు వస్తే ఆగిపోతాడు. మూడేళ్లు ఆ పుస్తకాలు దిద్దినవాళ్లెవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే రాత బాగుంది, అల్లరి చేయడు. డాక్టర్లు డిస్లెక్సియా అని తేల్చారు. ఆ అమ్మ ఒక ఏడాది పాటు పాఠ్యపుస్తకం పక్కన పెట్టేసింది. పళ్లెంలో రవ్వ పోసి వేలితో అక్షరాలు రాయించింది, ఒక్కో గుణింతానికి వారాల సమయం ఇచ్చింది. బస్టాండుకు తీసుకెళ్లి బస్సుల బోర్డులు చదివించింది. "జనగామ" అని తనంతట తాను చదివిన రోజు ఫోన్‌లో ఆమె గొంతు నాకింకా గుర్తుంది. ఆ బాబు ఆరో తరగతికి మళ్లీ బడిలో చేరాడు. అతని విషయంలో ఇంటి చదువు ఆ మూడేళ్లకు మాత్రమే అవసరమైంది. చాలామంది ఇంట్లో చదివించడమంటే పెళ్లి ముడిలా జీవితాంతం అనుకుంటారు. అలా ఏం లేదు.

ఇక్కడ ఒక మాట. నేర్చుకోవడంలో ఇబ్బందులను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు బోర్డులు ఇస్తున్నాయి. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి స్పష్టంగానే ఇచ్చారు. అలాంటి బిడ్డ ఉన్నవాళ్లు బడి మాన్పించే ముందు మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఎక్కడుందో కనుక్కుని ఒకసారి వెళ్లి మాట్లాడాలి. ఒంటరిగా మోయక్కర్లేని బరువు అది.

ఆటలు, సంగీతం, నాట్యం కోసం మాన్పించేవాళ్లు వేరే రకం. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం మూడు గంటలు కోర్టులోనో కొలనులోనో ఉండే పిల్లలకు బడి హాజరు ఎలాగూ కుదరదు. వాళ్ల కారణం వాళ్లకు స్పష్టంగా ఉంటుంది కాబట్టి నాకు పెద్దగా ఫోన్లు చేయరు. ఏడాదికో ఊరు బదిలీ అయ్యే ఉద్యోగులదీ అంతే. పిల్లాడు మూడేళ్లలో మూడు సిలబస్‌లు మారేకంటే ఇంట్లో ఒక్క తీరున చదవడం నయమనుకుంటారు.

తెలుగు కోసం మాన్పించినవాళ్లూ నాకు తెలుసు. మీకు వింతగా అనిపించవచ్చు. తెలంగాణలో 2018 నుంచి అన్ని బడుల్లోనూ తెలుగు చెప్పాలని చట్టమే ఉంది. అయినా వారానికి కొన్ని పీరియడ్ల తెలుగుతో పిల్లలు కథల పుస్తకం చేతపట్టి చదివే స్థాయికి రావడం కష్టం. నాయనమ్మ రాసిన ఉత్తరం మనవడు చదవలేకపోవడం చూసి తట్టుకోలేకపోయిన తండ్రి ఒకాయన ఉన్నారు. సైన్సూ లెక్కలూ ముందు తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, తర్వాత ఇంగ్లిష్ పుస్తకాలు చదివించారు. నాకు చాలా నచ్చిన పద్ధతి అది.

దెబ్బల గురించి కూడా చెప్పాలి, చెప్పుకోవడానికి మనవాళ్లు మొహమాటపడతారు గానీ. కొట్టడం, మాటలతో హింసించడం రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. అయినా మార్కులు తగ్గాయని క్లాసు ముందు నిలబెట్టి అవమానించడం, ర్యాంకును బట్టి సెక్షన్లు మార్చడం ఆగలేదు. "చివరి సెక్షన్"లో పడ్డ పిల్లాడు తనెందుకూ పనికిరానని పదేళ్లకే నిర్ణయించేసుకుంటాడు. పిల్లాడికి అంత టెన్షన్ పెట్టే బడి నుంచి బయటికి తెచ్చిన తల్లిదండ్రులను నేను ఒక్క మాట కూడా అనను. బడి మారిస్తే సరిపోయేదేమో చూడమంటాను, అంతే. చాలాసార్లు సరిపోతుంది కూడా.

2020 మార్చిలో బడులు మూతపడ్డాక కొత్తగా ఇటు వచ్చినవాళ్లు ఉన్నారు. అంతవరకు తరగతి గదిలో ఏం జరుగుతుందో తల్లిదండ్రులకు తెలియదు. ఆన్‌లైన్ క్లాసులతో అది నట్టింట్లోకే వచ్చింది. అమెరికాలోనూ అదే జరిగింది. అక్కడి జనగణన శాఖ సర్వేలో ఇంటి చదువు చెప్పే కుటుంబాలు 2020 వసంతంలో 5.4 శాతం ఉంటే ఆ ఏడాది శరత్కాలానికి 11.1 శాతానికి చేరాయి. అక్కడ దీనికి పాత చరిత్రే ఉంది, 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. 2019లో అక్కడి విద్యాశాఖ కారణాలు అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది బడి వాతావరణం గురించి భయం ఉందన్నారు. నైతిక బోధన కోసం అన్నవాళ్లు, కుటుంబమంతా కలిసి గడపడానికి అన్నవాళ్లు చెరో ముప్పావు వంతు ఉన్నారు. మతపరమైన కారణాలు అక్కడ మనకంటే చాలా ఎక్కువ. టెక్సాస్ నుంచి నాతో మాట్లాడే తెలుగు తల్లులు మాత్రం మతం ఊసెత్తరు. పిల్లాడు లెక్కల్లో రెండేళ్లు ముందున్నాడు, క్లాసులో ఖాళీగా కూర్చుంటున్నాడు అన్నదే వాళ్ల బాధ. బాగా చదువుకుని, వీసా వల్ల ఉద్యోగం చేయలేక ఇంట్లో ఉన్నవాళ్లు వాళ్లలో ఎక్కువ.

ఫీజు కట్టలేక ఇంట్లో చదివిద్దామనుకునేవాళ్లు ఉంటే దయచేసి ఆగండి. ముందు మీ దగ్గరి ప్రభుత్వ బడి చూడండి, టీచర్లతో మాట్లాడండి. ఇంటి చదువు చవక కాదు. ఒక మనిషి సంపాదన వదులుకోవాలి, పుస్తకాలు, క్లాసులు, ప్రయాణాలు అదనం.

ఆ "ఒక మనిషి" దగ్గరే నేను ఎప్పుడూ ఆగుతాను. ఫోన్ చేసి ఉత్సాహంగా మాట్లాడేది చాలాసార్లు తండ్రి. విదేశాల పద్ధతులన్నీ చెబుతారు. "రోజంతా పిల్లాడితో ఉండేదెవరండీ?" అంటే "మా ఆవిడ ఉంది కదా" అంటారు. ఆవిడకు ఇష్టమో కాదో ఆవిడనే అడగాలని పట్టుబడతాను. వంట, ఇల్లు, అత్తమామల మందులు, వీటన్నిటి మీద పిల్లాడి చదువు మొత్తం ఒకరి నెత్తిన పడితే ఆరు నెలల్లో ఆ ఇల్లు బడికంటే ఘోరంగా తయారవుతుంది. తల్లికి ఓపిక నశించి కేకలేస్తే పిల్లాడికి పారిపోవడానికి ఇంకో చోటు కూడా ఉండదు. తండ్రి రోజుకు కనీసం గంటన్నర తన వంతు పాఠం చెప్పని ఇంట్లో ఇది నిలబడటం నేను చూడలేదు. మీ ఆడపడుచుకు నిజంగా సాయం చేయాలనుకుంటే ముందు ఈ విషయం కనుక్కోండి. ఇది ఆమె ఇష్టమేనా? ఆమెకు వారంలో సగం రోజైనా తనకంటూ మిగులుతోందా?

ఇక రోజంతా ఏం చేస్తాడన్నది. బాబుకు తొమ్మిదేళ్లు అనుకుంటున్నాను. మొదటి రెండు మూడు నెలలు ఏమీ చేయడు. టీవీ అడుగుతాడు, "బోర్" అంటాడు, పొద్దున పదకొండింటికి వరండాలో బోర్లా పడుకుంటాడు. చూసేవాళ్లకు గుండె జారిపోతుంది. గంట కొడితే లేచి గంట కొడితే కూర్చున్న పిల్లాడికి తన పని తాను వెతుక్కోవడం అలవాటు కావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆ రోజుల్లో కంగారుపడి ఇంట్లోనే ఎనిమిది పీరియడ్ల టైమ్‌టేబుల్ గోడకు అతికించినవాళ్లు చాలామంది తిరిగి బడికే పంపారు. ఓపిక పట్టినవాళ్ల ఇళ్లలో పిల్లలు మెల్లగా ఏదో ఒకటి పట్టుకున్నారు. మా చిన్నది మిక్సీ విప్పి బిగించడంతో మొదలుపెట్టింది.

స్నేహితుల విషయంలో అందరూ అడిగే ప్రశ్న సరైన ప్రశ్నే. వీధిలో పిల్లలంతా బడికి పోతే సాయంత్రం ఆరు దాకా ఆడుకోవడానికి తోడుండదు. దాన్ని చిన్నబుచ్చి మాట్లాడే హోమ్‌స్కూల్ తల్లిదండ్రులతో నేను ఏకీభవించను. తోడు దానంతటదే రాదు, కల్పించాలి. ఆటల కోచింగు, లైబ్రరీ, సంగీతం క్లాసు, ఇలాగే చదివించే మరో రెండు మూడు కుటుంబాలు. హైదరాబాద్‌లో అలాంటివాళ్లు కలుసుకుంటూ ఉంటారు. దేశం మొత్తానికి స్వశిక్షణ్ అనే సంఘం ఉంది. తోడు దొరకని చిన్న ఊళ్లో ఒక్కడే పిల్లాడున్న ఇంట్లో ఇది మొదలుపెట్టమని నేను చెప్పను.

చట్టం సంగతి. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 10వ సెక్షన్ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. పంపకపోతే ఫలానా శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువును పేరుపెట్టి అనుమతించలేదు, పేరుపెట్టి నిషేధించనూ లేదు. ఆ మధ్యలోనే మన దేశంలో ఇన్ని కుటుంబాలు నడుస్తున్నాయి. పోలీసులొస్తారన్న భయం మీ అత్తగారికి అక్కర్లేదు. మనసు మార్చుకుంటే దారి కూడా తెరిచే ఉంటుంది. అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం మధ్యలో ఆగిన పిల్లాణ్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి.

పదో తరగతికి జాతీయ ఓపెన్ స్కూల్, అంటే ఎన్‌ఐఓఎస్ ఉంది. 1989లో పెట్టిన కేంద్ర సంస్థ. పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండాలి. పది తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. కాబట్టి అన్ని సబ్జెక్టులూ ఒకేసారి మీద వేసుకోనక్కర్లేదు, మా పెద్దాడు రెండు రెండుగా రాశాడు. రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ విడిగా ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్ ఇంటర్‌తో జేఈఈ రాయొచ్చు. నీట్ విషయంలో ఓపెన్ స్కూల్ వాళ్లను రానివ్వని పాత నిబంధన అడ్డొచ్చేది. దాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2024లో ఆ గొడవ తేలిపోయింది. ఏ సర్టిఫికెట్టూ లేకుండా మేధతోనే గట్టెక్కుతామనుకోవద్దు. ముంబై అమ్మాయి ఒకరు ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచి 2016లో ఎంఐటీలో చేరారు. అదే అమ్మాయికి ఇంటర్ లేదు కాబట్టి మన ఐఐటీల్లో చేరే వీలు లేకపోయింది. ఆ ఉదాహరణ చూపించి పది, ఇంటర్ వద్దనే తల్లిదండ్రులు ఆ రెండో సగం కూడా చూడాలి.

మన రాష్ట్రాల్లో అందరూ మరిచిపోయేది ఒకటుంది, లోకల్ సంగతి, అంటే పిల్లాడు ఇక్కడివాడేనని రుజువు చూపించడం. ఇంజనీరింగ్ లాంటి సీట్లకు జరిగే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో చదవనివాళ్లు దాని బదులు ఏడేళ్ల నివాస ధ్రువపత్రం తహసీల్దార్ ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకైతే 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల్లో ఎక్కడ నాలుగేళ్లు చదివాడన్నదే చూస్తారు. మీ మేనల్లుడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నాడు. పాత బడి నుంచి టీసీ, ప్రోగ్రెస్ కార్డులు, చదివిన మూడేళ్లకూ స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోమనండి. ఇంకో ఐదేళ్లకు ఆ బడి ఉంటుందో లేదో చెప్పలేం. ఇంటి కరెంటు బిల్లులు, ఆస్తిపన్ను రసీదులు, అద్దె ఇల్లయితే అగ్రిమెంట్లు ఏటా ఒక ఫైల్లో పెట్టుకోమనండి. ఇల్లు మారితే పాతవి పారేయొద్దని చెప్పండి.

మీ అత్తగారికి ఓపిక ఉంటే వారానికి రెండు పూటలు ఆ బాబు దగ్గర కూర్చోమనండి. ఎక్కాలు ఆమె చెప్పొచ్చు, తన చిన్నప్పటి కథలు చెప్పి వాటిని అతని చేత తెలుగులో రాయించవచ్చు. పిల్లాడు నిజంగా చదువుతున్నాడో లేదో పక్కన కూర్చుంటే ఆమెకే తెలుస్తుంది. నిజంగానే చదువు సాగడం లేదని ఆమెకు అనిపిస్తే, అప్పుడు మీ ఆడపడుచుతో మాట్లాడాల్సింది కూడా ఆమే.